పిలిస్తే తిరగడు, వేలు పెట్టి చూపించడు – ఆటిజం లక్షణాలు ఇంత చిన్న వయసులో తెలుస్తాయా?

ఖమ్మం_చిన్నమ్మాయి

అందరికీ నమస్కారం అండీ. మా బాబుకి 21 నెలలు. ఏడాది నిండే సమయానికి 'అత్త', 'తాత', 'బువ్వ' అనేవాడు. ఆ మాటలు మెల్లగా ఆగిపోయాయి, ఇప్పుడు ఒక్కటీ అనడం లేదు. పేరు పెట్టి ఎంత పిలిచినా తల తిప్పడు. అదే వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాడు. అందుకే చెవులు బాగానే ఉన్నాయని ఇంట్లో అందరి నమ్మకం. స్టీలు మూతలు నేలమీద గిర్రున తిప్పి, పక్కనే పడుకుని వాటినే చూస్తుంటాడు. ఏడవడు, విసిగించడు. "ఎంత బుద్ధిమంతుడో" అంటారు చుట్టాలు.

మగపిల్లలకు మాటలు ఆలస్యమే, మీ ఆయన కూడా మూడేళ్ళకు గానీ నోరు విప్పలేదని మా అత్తయ్యగారు అంటున్నారు. మేం చూపించే డాక్టరుగారు కూడా మూడేళ్ళ దాకా చూద్దాం అన్నారు. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. రాత్రిళ్ళు ఫోన్లో ఆటిజం గురించి చదువుతూ కూర్చుంటున్నాను, చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఈ వయసులో అసలు ఏం చూడాలి? ఎవరికి చూపించాలి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

కూకట్‌పల్లి_అమ్మ

చెల్లీ, మా వాడికి ఇప్పుడు ఏడేళ్ళు, ఆటిజం ఉంది. నీ మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదో నాకు తెలుసు. ముందు మాటల సంగతి కాసేపు పక్కన పెట్టి, నేను అడిగేవాటికి జవాబు చెప్పు.

ఆకాశంలో విమానం పోతుంటే, వీధిలో కుక్క కనబడితే నీకు చూపిస్తాడా? చూపించి, నువ్వు చూశావో లేదో అని మళ్ళీ నీ ముఖంలోకి చూస్తాడా? కొత్త బొమ్మ దొరికితే తెచ్చి నీ ఒళ్ళో పెడతాడా? నువ్వు వేలితో చందమామను చూపిస్తే చందమామను చూస్తాడా, నీ వేలినే చూస్తాడా? నీళ్ళు కావాలంటే ఎలా అడుగుతాడు?

మా వాడు ఆ వయసులో నా మణికట్టు పట్టుకుని ఫిల్టర్ దగ్గరకు లాక్కెళ్ళేవాడు. నా చేతిని తీసుకెళ్ళి కుళాయి మీద పెట్టేవాడు. ఆ మొత్తంలో ఒక్కసారి కూడా నా ముఖం చూసేవాడు కాదు. నీళ్ళు తాగేసి వెళ్ళిపోయేవాడు. తెలివైనవాడు, తన పని తాను చేయించుకుంటున్నాడని ఇంట్లో మురిసిపోయేవాళ్ళు. మా డెవలప్‌మెంటల్ డాక్టరమ్మ, అంటే పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు, మొదట అడిగింది దాని గురించే.

ఖమ్మం_చిన్నమ్మాయి

అక్కా, చదువుతుంటే చేతులు వణికాయి. మా వాడూ అంతే, చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. విమానం చూపించడం లాంటివి లేవు. నేను చూపిస్తే నా వేలివైపు కూడా చూడడు. కానీ ఎత్తుకుంటే మెడ వాటేసుకుంటాడు, గిలిగింతలు పెడితే పగలబడి నవ్వుతాడు. ఆటిజం ఉన్న పిల్లలు దగ్గరకు రారు అంటారు కదా?

విశాఖ_స్పీచ్‌థెరపిస్ట్

పిల్లలతో పనిచేసే స్పీచ్ థెరపిస్టుని అండి. ముందు మీ చివరి ప్రశ్నకు: ఆటిజం ఉన్న పిల్లలు అమ్మను వాటేసుకుంటారు, ముద్దులు పెడతారు, నవ్వుతారు. 'దగ్గరకు వస్తాడు కాబట్టి లేదు' అనుకుని ఆగిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కళ్ళలోకి చూడటం కూడా అంతే. బొత్తిగా చూడని పిల్లలు తక్కువ. ఎప్పుడు చూస్తున్నాడు, ఎందుకు చూస్తున్నాడు అన్నది ముఖ్యం.

ఇక్కడ రాసింది చదివి మీ బాబుకి ఆటిజం ఉందనీ లేదనీ నేను చెప్పను, ఎవరూ చెప్పకూడదు. కానీ రేపే కదలడానికి మీరు రాసిన ఒక్క విషయం చాలు: వచ్చిన మాటలు పోవడం. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు గానీ, టాటా చెప్పడం లాంటి అలవాట్లు గానీ పోయాయంటే అది ఆగి చూసే విషయం కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఇలా జరుగుతుంది, ఎక్కువగా 15 నుంచి 24 నెలల మధ్య.

మొదట వినికిడి పరీక్ష చేయించండి. బిస్కెట్ కవరు చప్పుడు వినబడినంత మాత్రాన చెవులు పూర్తిగా బాగున్నట్టు కాదు. కొన్ని రకాల శబ్దాలు వినబడి, మాటలోని సన్నని ధ్వనులు వినబడని లోపాలున్నాయి. మధ్య చెవిలో నీరు చేరినా మాట స్పష్టంగా చేరదు. ఓఏఈ, బెరా అని రెండు పరీక్షలుంటాయి, నొప్పి ఏమీ ఉండదు. బెరాకి పిల్లవాడు నిద్రపోవాలి. కాబట్టి ఆ రోజు పెందలాడే లేపి, దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్ళండి. తలకు నూనె రాయకండి, వైర్లు అతుక్కోవు.

ఎప్పటికి ఏం రావాలో కూడా చెబుతాను. రెండు నెలలకల్లా మీరు పలకరిస్తే నవ్వాలి. 9 నెలలకు పేరు పిలిస్తే తిరగాలి, సంతోషం, కోపం, ఆశ్చర్యం ముఖంలో తెలియాలి. ఏడాదికి టాటా, చప్పట్లు, దోబూచులాటలో తనూ కలవాలి. 15 నెలలకు తనకు నచ్చింది తెచ్చి మీకు చూపించాలి. 18 నెలలకు వేలు పెట్టి చూపించాలి. అది కావాలని అడగడానికే కాదు, 'అదిగో చూడు' అని పంచుకోవడానికి కూడా. రెండేళ్ళకు పక్కన ఎవరైనా దెబ్బ తగిలి ఏడుస్తుంటే ఆగి చూడాలి, 'అమ్మ దా', 'పాలు ఇయ్యి' లాంటి జంట మాటలు రావాలి. వీటిలో ఏదో ఒకటి కాస్త అటూ ఇటూ అయితే భయం లేదు. పంచుకోవడం, పిలుపుకు పలకడం, అనుకరించడం మూడూ కలిసి కనబడనప్పుడు మాత్రం పరీక్ష చేయించాల్సిందే.

మా గదిలో నేను చేసే ఒక చిన్న పని చెబుతాను. సబ్బు బుడగల సీసా తీసి నాలుగు బుడగలు ఊదుతాను. పిల్లలందరికీ ఇష్టమే, గంతులేస్తారు. తర్వాత మూత గట్టిగా బిగించి, సీసా పిల్లవాడి చేతికిచ్చి ఊరుకుంటాను. ఒక పిల్లవాడు సీసా నాకు తిరిగిచ్చి, నా ముఖంలోకి చూసి 'ఊ' అంటాడు, వాళ్ళమ్మ వైపు తిరిగి నవ్వుతాడు. ఇంకొకడు నా వేళ్ళు పట్టుకుని మూత మీద పెట్టి నొక్కుతాడు, చూపు మూత మీదే ఉంటుంది. మరొకడు సీసాను తిరగేసి లోపల నీళ్ళు కదలడం చూస్తూ ఉండిపోతాడు. ముగ్గురికీ మాటలు రాకపోవచ్చు, కానీ నాకు ముగ్గురూ ఒకటి కాదు.

కూకట్‌పల్లి_అమ్మ

మేడమ్, ఎంచాట్ గురించి కూడా చెప్పండి. ఈ చెల్లికి ఇంట్లో కూర్చుని చేసుకోవడానికి అదే మంచిది.

విశాఖ_స్పీచ్‌థెరపిస్ట్

అవును. ఎంచాట్-ఆర్ అనే ప్రశ్నావళి, 16 నుంచి 30 నెలల పిల్లల కోసం. 20 ప్రశ్నలు, ఉచితం. గదిలో అటువైపున్న దేన్నయినా మీరు వేలితో చూపిస్తే మీ పిల్లవాడు అటు చూస్తాడా అన్నది మొదటి ప్రశ్న. ఎప్పుడో ఒకటి రెండు సార్లు చేసి, మామూలుగా చేయకపోతే 'లేదు' అనే రాయాలి. తల్లిదండ్రులు ఇక్కడే ప్రేమకొద్దీ 'అవును' పెట్టేస్తారు. స్కోరు 0–2 వస్తే ప్రస్తుతానికి భయం తక్కువ. 3–7 వస్తే ఈ పని తెలిసిన నిపుణులు మళ్ళీ వివరంగా అడగాలి. 8 గానీ పైన గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షకు వెళ్ళాలి. ఇది జల్లెడ మాత్రమే, రోగనిర్ధారణ కాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18 నెలలప్పుడు, 24 నెలలప్పుడు ప్రతి బిడ్డకూ ఆటిజం స్క్రీనింగ్ చేయమంటుంది. లక్షణాలున్న పిల్లలకే కాదు, అందరికీ.

రాజమండ్రి_మాస్టారు

నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. రెండేళ్ళు నిండని పసివాడికి ఒక జబ్బు పేరు తగిలించడం నాకు సమ్మతం కాదమ్మా. మా రోజుల్లో ఇంటినిండా జనం, వీధినిండా పిల్లలు. మాటలు వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు నలుగురున్న ఇంట్లో నాలుగు ఫోన్లు. పసివాడికి ఫోను చేతికిచ్చి అన్నం పెడితే మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? కొన్నాళ్ళు పల్లెటూరికి తీసుకెళ్ళి పిల్లల మధ్య వదలండి. ఆసుపత్రుల చుట్టూ తిరిగి డబ్బు, మనశ్శాంతి పోగొట్టుకోకండి. మీ మేలు కోరే చెబుతున్నాను.

నల్గొండ_అంగన్‌వాడీ

నమస్కారం మాస్టారూ. మీరు మేలు కోరే చెప్పారని తెలుసు. కానీ మా ఊళ్ళల్లో అప్పుడు కూడా ఇట్లాంటి పిల్లలు ఉన్నారండి. మొండోడనో, మూగోడనో, పిచ్చిదనో అనేటోళ్ళు. వాళ్ళను బడికి పంపలేదు కాబట్టి మీ హాజరు పట్టీలో వాళ్ళ పేర్లు లేవు. మా సెంటర్‌కి వచ్చే పిల్లలకు ఊరినిండా తోడున్నది, ఇంట్ల అవ్వ తాత ఉన్నరు. అయినా వాళ్ళలో కొంతమంది అందరి నడుమ కూర్చుని ఒక్కరే ఉంటారు. మిగతా పిల్లలు బువ్వాలాట ఆడుతూ ఉత్త గిన్నెలో గరిటె తిప్పి నాకు 'తిను టీచర్' అని పెడతారు. ఆ పిల్లలకు గిన్నె గుండ్రంగా ఉన్నదే ముఖ్యం.

చెల్లెమ్మా, నీ తల్లీబిడ్డ రక్షణ కార్డు తీసి చూడు, ఏ నెలకు ఏం చేయాలో దాంట్లోనే బొమ్మలతో ఉంటది. టీకాల పేజీ తప్ప ఎవరూ తిప్పరు. ఆర్‌బీఎస్‌కే అని 2013లో మొదలైన పథకం ఉంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను చూస్తరు. వాళ్ళ టీము ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తది. ఎదుగుదలలో తేడా కనబడితే జిల్లా ఆసుపత్రిలో ఇట్లాంటి పిల్లలను తొందరగా గుర్తించి చూసే డైక్ సెంటర్‌కి రాస్తరు. నువ్వు టీము వచ్చేదాకా ఆగకు, నేరుగా పో. పైసలు కట్టేది లేదు.

గుంటూరు_పిల్లలడాక్టర్

మాస్టారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అది నిజం కాబట్టే మిగతా సగం గురించి జాగ్రత్తగా మాట్లాడాలి.

ఫోను వల్ల ఆటిజం రాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి వివరంగా రాసినప్పుడు సెల్‌ఫోన్లు లేవు. అయితే ఫోను ముందు గంటలు గడిపే పిల్లవాడితో ఎవరూ ఎదురుగా కూర్చుని మాట్లాడటం లేదు, కాబట్టి మాట, ఆట రెండూ వెనకబడతాయి. ఫోను తీసేయగానే కొద్ది వారాల్లో మారిపోయే పిల్లలను నేనూ చూస్తుంటాను. అందుకని ఫోను ఇవాళే మానేయండి, పరీక్ష కూడా ఇవాళే అడగండి. 'ముందు ఫోను మానేసి ఆరు నెలలు చూద్దాం' అన్న సలహా మాత్రం నేనెవరికీ ఇవ్వను.

'మూడేళ్ళ దాకా ఆగుదాం' అన్నది మా వృత్తిలో ఇంకా వినబడుతూనే ఉంది, నాకది బాధగా ఉంటుంది. అనుభవమున్నవాళ్ళు రెండేళ్ళకే నమ్మకంగా నిర్ధారించగలరు, ఒక్కోసారి 18 నెలలకే. మాట ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు, అది వాస్తవం. కానీ ఎవరు అందుకుంటారో ముందే తెలియదు. సైగలు చేస్తూ, చూపిస్తూ, చెప్పింది అర్థం చేసుకుంటూ మాట మాత్రమే రాని పిల్లవాడికీ, అవేవీ లేని పిల్లవాడికీ ఒకే 'ఆగుదాం' చెప్పడం అన్యాయం.

టీకా గురించి ఎవరూ అడగలేదు గానీ ఇలాంటి ప్రతి చర్చలో చివరికి అది వస్తుంది, కాబట్టి ముందే చెబుతున్నాను. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద వచ్చిన వ్యాసంతో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా మీద అనుమానం పుట్టింది. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది, రాసిన వేక్‌ఫీల్డ్ డాక్టరుగా పనిచేసే రిజిస్ట్రేషన్ కోల్పోయాడు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకాకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. మన దగ్గర ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు 16–24 నెలల మధ్య వేస్తారు. మాటలు పోవడం బయటపడేదీ సరిగ్గా అప్పుడే. తల్లికి అనుమానం రావడం సహజం, అందులో ఆమె తప్పు లేదు. కానీ టీకా మానకండి.

తెనాలి_అమ్మమ్మ

డాక్టరుబాబూ, మా మనవరాలికి రెండేళ్ళు దాటాయి, మాటలు రాలేదు. వసకొమ్ము అరగదీసి తేనెలో నాకిస్తున్నాను. మా అమ్మ మాకందరికీ పోసింది. ఇంకొకరు నాలుక కింద పొర కోయిస్తే మాట వస్తుందన్నారు. చేయించమంటారా?

గుంటూరు_పిల్లలడాక్టర్

అమ్మా, మీ ఆరాటం అర్థమైంది. వస ఆపేయండి. దాన్లో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. అమెరికాలో 1968 నుంచే ఆహారంలో వాడకూడదని నిషేధం. పిల్లలకు వాంతులు, మగత వచ్చి ఆసుపత్రికి తెస్తుంటారు. నాలుక కింద పొర బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాల ఉచ్చారణలో తేడా రావచ్చు, అంతేగానీ మాట అసలే రాకపోవడానికి అది కారణం కాదు. పాప చెప్పింది అర్థం చేసుకుంటోందా, మీకు వస్తువులు చూపిస్తోందా అన్నది చూడండి. చెవి పరీక్ష తప్పకుండా చేయించండి.

మరొక్క మాట అందరికీ. ఆటిజానికి స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తాం, మాటలు తెప్పిస్తాం అని లక్షలు అడిగేవాళ్ళున్నారు. ఆటిజానికి ఈ చికిత్స చేయకూడదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. పొలం అమ్మి అక్కడికి వెళ్ళకండి, దయచేసి.

డాలస్_నాన్న

మా పాపకు 19 నెలలప్పుడు ఇదే పరిస్థితి. ఇక్కడ అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. మూడేళ్ళ లోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకు చిన్నప్పుడే సాయం) కార్యక్రమం ఉంది. మా టెక్సస్‌లో దాన్ని ఈసీఐ అంటారు. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లిదండ్రులే ఫోన్ చేసి అడగొచ్చు. పరీక్షకు డబ్బు తీసుకోరు. ఫోన్ చేసిన 45 రోజుల్లోగా పరీక్ష చేసి, అర్హత ఉంటే ప్రణాళిక కూడా రాయాలని ఫెడరల్ నియమం. స్పెషలిస్ట్ డాక్టర్ అపాయింట్‌మెంట్ నెలల తరబడి దొరకదు, దానికోసం ఎదురుచూస్తూ దీన్ని ఆపకండి. రెండూ సమాంతరంగా నడపొచ్చు. మూడేళ్ళు నిండాక స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుంటుంది.

మాకు ఎదురైన పెద్ద చిక్కు భాష. 'రెండు భాషలతో పాప తికమక పడుతోంది, ఇంట్లో తెలుగు మానేయండి' అని ఒకాయన గట్టిగా చెప్పారు. మా అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదు. తెలుగు మానేస్తే పాపతో తాతయ్య నానమ్మ మాట్లాడేదే ఉండదు. మేం మానలేదు. ఇది సరైనదేనా మేడమ్?

విశాఖ_స్పీచ్‌థెరపిస్ట్

నూటికి నూరుపాళ్ళు సరైనది. రెండు భాషల ఇళ్ళలో పెరిగే ఆటిజం పిల్లలు ఒకే భాష ఇళ్ళలో పెరిగే పిల్లలకన్నా వెనకబడటం లేదని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చెబుతున్నాయి. తల్లికి ఏ భాషలో జోలపాట వస్తుందో, ఏ భాషలో ముద్దు చేయడం వస్తుందో ఆ భాషలోనే బిడ్డతో ఎక్కువ మాట్లాడుతుంది. హైదరాబాద్‌లో కూడా 'ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి' అని చెప్పే చోట్లున్నాయి. వచ్చీరాని ఇంగ్లీషులో తల్లి మాటలు సగానికి తగ్గిపోతాయి. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

హనుమకొండ_ఇద్దరమ్మాయిలు

ఇంతసేపూ అందరూ మాటలు రాని పిల్లల గురించే రాశారు. మా పెద్దమ్మాయికి మాటలు ముందే వచ్చాయి. రెండున్నరేళ్ళకు ఏబీసీడీలు, షాపుల బోర్డులు చదివేసేది. టీవీలో వచ్చే ప్రకటన మొత్తం అదే గొంతుతో అప్పజెప్పేది. 'ఆకలేస్తోందా?' అంటే 'ఆకలేస్తోందా' అనే జవాబు. తనకు పాలు కావాలంటే 'నీకు పాలు కావాలా' అని అడిగేది. మేధావి అన్నారు అందరూ. బర్త్‌డే పార్టీలో చప్పట్లు మొదలవగానే చెవులు మూసుకుని మంచం కిందకి దూరేది. మిక్సీ వేస్తే అదే తంతు. అన్నంలోకి పెరుగు తప్ప ఇంకేదీ ముట్టదు, పప్పు కనబడినా వాంతి. ఆడపిల్ల కదా, సిగ్గు అన్నారు. ఆటిజం అని తేలేసరికి ఐదేళ్ళు నిండాయి.

ఇప్పుడు రెండో పాపకు ఆరో నెల. చెల్లెలికి కూడా వచ్చే అవకాశం ఎంత? ఏం చూడాలి?

గుంటూరు_పిల్లలడాక్టర్

మీరు రాసింది చాలా అవసరమైన విషయం. మగపిల్లల్లో ఆటిజం నిర్ధారణ ఆడపిల్లల కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అందులో కొంత భాగం ఆడపిల్లల్లో మనం గుర్తించలేకపోవడమే. వాళ్ళు పక్కవాళ్ళను చూసి అనుకరిస్తూ నెట్టుకొస్తారు, మనం సిగ్గు అని సరిపెట్టుకుంటాం.

ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు ఐదింట ఒకటి. అంటే ఐదింట నాలుగు పాళ్ళు రాకపోవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి. ఈ నెలల్లో మీరు నవ్వితే నవ్వుతోందా, మీరు 'ఊఁ' అంటే తనూ 'ఊఁ' అని వంతులవారీగా పలుకుతోందా చూడండి. తొమ్మిదో నెలలో పేరుకు తిరుగుతోందా చూడండి. రోజూ పరీక్ష పెట్టినట్టు వెంటపడకండి, ఆడుకుంటూ గమనిస్తే చాలు. 9, 12, 18, 24 నెలల్లో మాత్రం డాక్టరుకు అక్క సంగతి చెప్పి చూపించండి. అక్కకు జన్యు పరీక్షలు, ముఖ్యంగా ఫ్రాజైల్ ఎక్స్ అనే వారసత్వ లోపానికి, చేయించారా అన్నది కూడా అడగండి.

బెంగళూరు_నుంచి_ఒకడు

నాకు ఆటిజం ఉందని పెద్దయ్యాక తెలిసింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడున్న తల్లిదండ్రులను ఒకటి బతిమాలుకుంటున్నాను. పిల్లవాడి గడ్డం పట్టుకుని 'ఇటు చూడు, నా కళ్ళలోకి చూడు' అని తిప్పకండి. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ ఆయన మాట వినడం నాకు ఇప్పటికీ ఒకేసారి రెండు పనులు చేసినట్టు ఉంటుంది. చూపు పక్కకు ఉన్నప్పుడే మాట బాగా ఎక్కుతుంది.

మా ఇంట్లో నాకు పెద్ద గండం కుక్కర్. మా అమ్మకు ఆటిజం అన్న మాట తెలియదు గానీ నా సంగతి తెలుసు. స్టవ్ వెలిగించగానే 'నాన్నా, మూడు విజిల్స్ వస్తాయి, తర్వాత ఆపేస్తా' అని చెప్పేది. నేను పెరట్లోకి వెళ్ళి లెక్కపెట్టుకునేవాణ్ణి. చెప్పిన రోజు ఏడుపు లేదు, చెప్పకుండా కూసిన రోజు సాయంత్రం దాకా నేను మనిషిని కాదు. చెవులు మూసుకునే పిల్లలకు ముందు చెప్పండి. చేతులు ఆడించడం, మూతలు తిప్పడం లాంటివి మాన్పించాలని పోరాడకండి, దానివల్ల ఎవరికీ దెబ్బ తగలనంత వరకు.

ఖమ్మం_చిన్నమ్మాయి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఎంచాట్ చేశాను, 11 వచ్చింది. మా ఆయనకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. బుడగల దగ్గరకు వచ్చేసరికి 'ఇక చాలు, రేపే వెళ్దాం' అన్నారు. బెరాకి తేదీ ఇచ్చారు. పరీక్షలు పూర్తయ్యే లోపు ఇంట్లో చేయగలిగింది ఏమైనా ఉందా?

విశాఖ_స్పీచ్‌థెరపిస్ట్

చాలా ఉంది. థెరపీకి రిపోర్టు అక్కర్లేదు, బిడ్డ వెనకబడ్డాడని తెలిస్తే చాలు. నేలమీద వాడి ఎదురుగా, ముఖం ముఖానికి సమానంగా కూర్చోండి. వాడు మూత తిప్పుతుంటే మీరూ ఒక మూత తెచ్చి తిప్పండి, లాక్కోకండి. 'మూత... తిరిగింది... పడింది' అని చిన్న మాటలు చాలు. ప్రశ్నలు తగ్గించండి, 'ఇదేంటి, చెప్పు చెప్పు' అని పరీక్షలొద్దు. వాడికిష్టమైన బిస్కెట్ కనబడే ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత గట్టిగా పెట్టి ఇవ్వండి. తెచ్చి మీ చేతికిచ్చేదాకా, ఒక్క క్షణం మీవైపు చూసేదాకా ఆగండి, వెంటనే తీసివ్వండి. గిలిగింతలు పెట్టి మధ్యలో ఆపండి, 'ఇంకా' అన్నట్టు కదిలితే మళ్ళీ పెట్టండి. స్నానం, అన్నం, బట్టలు తొడగడం అన్నీ ఇందుకు పనికొచ్చే సమయాలే.

ఇది ఊరికే ఓదార్పు కాదు. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ స్పెషలిస్టులు కాని స్థానిక కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, వాళ్ళచేత తల్లిదండ్రులకు ఇలాంటి పద్ధతులు నేర్పించారు. పిల్లలు తమంతట తాము అమ్మానాన్నలను పలకరించడం పెరిగిందని 2016లో ప్రచురించారు. పెద్ద నగరంలో లేమని దిగులు పడకండి.

కూకట్‌పల్లి_అమ్మ

చెల్లీ, జిల్లా సెంటర్‌లో చాలకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నీపిడ్ ఉంది. 1984లో ఎన్ఐఎంహెచ్ పేరుతో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆటిజం సర్టిఫికెట్లకు వాడే ఐఎస్ఏఏ అనే 40 అంశాల కొలమానం తయారైంది అక్కడే. వినికిడికి అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. నెల్లూరు వైపు వాళ్ళకు అక్కడి సీఆర్‌సీ (వికలాంగుల పునరావాస కేంద్రం) దగ్గర. సర్టిఫికెట్ గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, సమయం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

వెళ్ళేటప్పుడు వీడియోలు పట్టుకెళ్ళు. కొత్త చోట పిల్లలు ఏడుస్తారు, ముడుచుకుంటారు, డాక్టరుకు అసలు మనిషి కనబడడు. ఇంట్లో మామూలుగా ఆడుకునేటప్పుడు, పేరు పిలిచినప్పుడు, అన్నం తినేటప్పుడు చిన్న చిన్నవి తీసి పెట్టుకో. మాటలు వచ్చిన రోజుల పాత వీడియోలు ఉంటే అవి ఇంకా ముఖ్యం, ఎప్పుడు ఆగిపోయాయో వాటి తేదీలే చెబుతాయి. పుట్టినప్పటి కాగితాలు, నెలలు నిండాయా, ఉమ్మనీరు మింగాడా, కామెర్లు ఏమైనా వచ్చాయా అన్నీ అడుగుతారు. అత్తయ్యగారిని కూడా వెంట తీసుకెళ్ళు. డాక్టరు నోటితో వింటే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

విశాఖ_స్పీచ్‌థెరపిస్ట్

దానికి తోడు ఇంకొకటి. పరీక్ష అయ్యాక కాగితం తీసుకుని వచ్చేయకండి. వారానికి ఎన్ని గంటలు అవసరం, ఏ లక్ష్యాలు పెట్టుకుంటున్నారు, ఇంట్లో మేం ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు కొలిచి చూస్తారు అని అడిగి రాయించుకోండి. థెరపీ గదిలోకి తల్లిదండ్రులను రానివ్వం, తలుపు బయట కూర్చోండి అనే చోట మాత్రం బాబును చేర్పించకండి.